పై చేద్దామా? క్రిస్మస్ నుంచి కనుమ దాకా మన ఇళ్ళల్లో ఏది కుదురుతుంది, ఏది కుదరదు

ఈ సెలవులకి పై చేస్తానమ్మా అంటే మా అమ్మ "పై ఏటి, కింద ఏటి, సరిగ్గా చెప్పు" అంది. చెప్పాను. మైదాతో గిన్నెలా చేసి లోపల ఏదో తీపి పోసి ఓవెన్లో పెడతారు అని. "అంటే కజ్జికాయే కదా, నూనె లేకుండా" అంది. అప్పుడు నవ్వాను గానీ నాలుగేళ్ళు చేసిన తర్వాత అనిపిస్తోంది, అమ్మ చెప్పిందే రైటు, దాని సంగతి కిందకి వస్తుంది.

మా విజయనగరంలో డిసెంబర్ మూడో వారం వచ్చేసరికి బేకరీల ముందు ప్లమ్ కేకులు గుట్టలుగా పేరుస్తారు, అది అయ్యేలోపు సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి అందరూ దిగిపోతారు, ఇల్లంతా అరిసెల పాకం వాసన, ఈ మధ్యలో పిల్లలు ఫోన్లో ఏదో వీడియో చూపించి "పిన్నీ ఇది చెయ్యి" అంటారు. అలా మొదలైంది నాకు. ఇప్పటికి ఆరు రకాలు చేశాను, రెండు సార్లు మొత్తం పారేశాను, ఒకసారి కరెంటు పోయి సగం ఉడికిన ఆపిల్ పై ముందు గంటసేపు కూకున్నాను. ఏ పై చెయ్యాలో తేల్చుకోలేక తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

రుచి తర్వాత, ముందు ఈ నాలుగు చూసుకోండి

మొదటిది, మీ దగ్గర ఉన్న పొయ్యి. ఓటీజీ (పైన కింద రాడ్లతో వేడెక్కే చిన్న కరెంటు ఓవెన్) ఉందా, కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉందా, లేక కడాయిలో ఉప్పు పోసి మూత పెట్టే పద్ధతా. రెండోది, చేసింది ఎంతసేపు బల్ల మీద ఉండాలి, ఇంట్లోనే తినేస్తారా లేక ఎవరింటికైనా పట్టుకెళ్ళాలా. మూడోది గుడ్డు, పండగ రోజుల్లో గుడ్డు ముట్టని పెద్దోళ్ళు ఇంట్లో ఉంటే సగం రకాలు అక్కడే కొట్టేసినట్టే. నాలుగోది ఫ్రిజ్‌లో ఖాళీ, నవ్వకండి, సంక్రాంతికి మా ఫ్రిజ్‌లో చట్నీ గిన్నె పెట్టడానికే చోటు ఉండదు, ఎనిమిది అంగుళాల పై ఎక్కడ పెడతాం.

ఈ నాలుగింటికీ సమాధానం రాసుకుంటే ఆరులో నాలుగు వాటంతట అవే పోతాయి.

క్రస్ట్ దగ్గరే అంతా ఉంది

లోపల పోసేది ఏదైనా మనకి తెలిసిన వంటే, హల్వానో లౌజో పాకమో. తెలియనిది బయటి పెంకే, దాన్నే క్రస్ట్ అంటారు. అందుకే దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను.

మైదా బటర్ క్రస్ట్‌కి లెక్క సింపుల్, తూకంలో మూడు పాళ్ళు మైదా, రెండు పాళ్ళు బటర్, ఒక పాలు ఐస్ నీళ్ళు. 150 గ్రాముల మైదా, 100 గ్రాముల బటర్, 50 మి.లీ. నీళ్ళు తీసుకుంటే ఎనిమిది అంగుళాల టిన్నుకి అడుగు పెంకు వస్తుంది, పైన మూత కూడా కావాలంటే డబుల్. బటర్‌ని చిన్న ముక్కలుగా కోసి ఫ్రిజ్‌లో గట్టిపరిచి మైదాలో వేళ్ళ చివర్లతో నలపాలి, బఠాణీ గింజంత ముక్కలు మిగలాలి, పూర్తిగా కలిసిపోకూడదు. ఆ ముక్కలే ఓవెన్లో కరిగి, వాటిలో ఉన్న నీళ్ళు ఆవిరై, పొరలు విడగొడతాయి. బటర్ ముందే కరిగిపోతే పొరలూ లేవు ఏమీ లేవు, గట్టి బిస్కెట్టే.

ఇక్కడే మనకి చిక్కు. బటర్ 30–35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, అరచేతి వేడికే జారిపోతుంది, మన దగ్గర డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం 28, 30 ఉంటుంది. ఆ ఇంగ్లీష్ వీడియోల్లో ఆవిడ హాయిగా పావుగంట మాట్లాడుతూ పిండి కలుపుతుంది, వాళ్ళ వంటగది చల్లగా ఉంటుంది మరి. మనం ముగ్గులేసే టైమ్‌కి లేచి కలిపేసుకోవాలి. నేను పొద్దున్న ఆరింటికే కలిపేసి, ముద్దని కవర్లో చుట్టి గంటసేపు ఫ్రిజ్‌లో పడేస్తా. ఇంకోటి, చపాతీ పిండిలా మర్దించకండి, అలవాటు కొద్దీ చెయ్యి ఆగదు నాకు తెలుసు, కానీ మైదాని ఎంత పిసికితే అంత సాగుతుంది, ఓవెన్లో కుంచించుకుపోతుంది.

ఇంట్లో చిలికిన వెన్న వాడొచ్చా అని మా అప్ప అడిగింది. వాడొచ్చు, కానీ అందులో మజ్జిగ నీళ్ళు ఎక్కువ ఉంటాయి కాబట్టి ఐస్ నీళ్ళు సగం తగ్గించాలి. నెయ్యి వేస్తే పొరలు రావు, నెయ్యిలో నీళ్ళే ఉండవు కదా, కానీ నాన్‌ఖటాయిలా గుల్లగా వస్తుంది, నిజం చెప్పాలంటే మా ఇంట్లో పెద్దోళ్ళకి అదే నచ్చింది. గోధుమపిండి పెట్టాలనుకుంటే సగం మైదా సగం గోధుమ, నీళ్ళు ఒక చెంచా ఎక్కువ. బజార్లో కొనే ఉప్పు బటర్ అయితే పిండిలో మళ్ళీ ఉప్పు వెయ్యొద్దు.

బిస్కెట్ క్రస్ట్‌కి ఈ గొడవేమీ లేదు. 200 గ్రాముల మేరీ బిస్కెట్లు పొడి చేసి 100 నుంచి 110 గ్రాముల కరిగించిన బటర్ కలిపి, టిన్నులో గ్లాసు అడుగుతో నొక్కి, అరగంట ఫ్రిజ్‌లో పెడితే అయిపోయింది. డైజెస్టివ్ బిస్కెట్లు అయితే వాటిలోనే కొవ్వు ఎక్కువ, బటర్ తగ్గించుకోండి.

తడి ఫిల్లింగ్ పోసేటప్పుడు మైదా క్రస్ట్‌ని ముందు ఖాళీగా కాల్చాలి, ఇది మాత్రం మానకండి. పిండి పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాన్నిండా ఎండు శనగలు గానీ బియ్యం గానీ పోసి 190 డిగ్రీల దగ్గర పావుగంట, శనగలు తీసేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. బరువు లేకపోతే పిండి పూరీలా పొంగిపోతుంది. మొదటి ఏడాది నేను ఈ పని ఎందుకులే అని గుమ్మడి గుజ్జు నేరుగా పోసేశాను, పైన బంగారంలా ఉంది, కోస్తే అడుగున పచ్చి పిండి, ఉండ్రాళ్ళ పిండిలా చాకుకి అంటుకుంది. పారేసిన రెండింటిలో అదొకటి.

పొయ్యి గురించి రెండు ముక్కలు

ఓటీజీ అయితే పైన కింద రెండు రాడ్లూ వెయ్యండి, పావుగంట ముందే వేడి చెయ్యండి, టిన్నుని కింద వరసలో పెట్టండి, అడుగు కాలడమే మనకి ముఖ్యం. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో సత్తు టిన్ను కన్వెక్షన్ మోడ్‌లో పర్లేదు, మైక్రో మోడ్‌లో మాత్రం పెట్టకండి. గాజు ప్లేటు ఉంటే అడుగు రంగు కనబడుతుంది, అది పెద్ద లాభం, కానీ ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేడి ఓవెన్లో పెడితే పగిలిపోతుంది జాగ్రత్త.

కడాయిలో ఉప్పు పోసి స్టాండ్ పెట్టి చేసేవాళ్ళకి ఒక మాట, అందులో వేడి కింద నుంచే వస్తుంది, పైన మూతకి ఆవిరి పట్టి చుక్కలు పడతాయి. పైన మూత ఉన్న ఆపిల్ పై ఎర్రబడదు, తెల్లగా పాలిపోయినట్టు ఉంటుంది. కడాయివాళ్ళు బిస్కెట్ క్రస్ట్ రకాలకే వెళ్ళండి.

ఒక చూపులో

| పై | పొయ్యి | గుడ్డు | బయట ఎంతసేపు | కష్టం |
|---|---|---|---|---|
| ఆపిల్ పై | ఓవెన్ తప్పదు | వద్దు | ఒక రోజు | ఎక్కువ |
| గుమ్మడి పై | ఓవెన్ తప్పదు | 2 | రెండు గంటలు | మధ్యస్తం |
| జీడిపప్పు బెల్లం పై | ఓవెన్ తప్పదు | 3 | రెండు గంటలు | మధ్యస్తం |
| బనాఫీ పై | స్టవ్ చాలు | వద్దు | గంట, అంతే | తక్కువ |
| కొబ్బరి పాల పై | స్టవ్ చాలు | వద్దు | గంట, రెండు | తక్కువ |
| లౌజు చేతి పైలు | ఓవెన్ | వద్దు | రెండు రోజులు | మధ్యస్తం, టైమ్ పడుతుంది |

ఆపిల్ పై

అందరూ ముందు అడిగేది ఇదే, నేనైతే మొదటిసారి చేసేవాళ్ళకి వద్దనే చెప్తాను. రెండు పెంకులు చెయ్యాలి, పైగా మన దగ్గర దొరికే ఎర్ర ఆపిల్ తీపిగా మెత్తగా ఉంటుంది, ఓవెన్లో గుజ్జయిపోతుంది. పుల్లటి పచ్చ ఆపిల్ దిగుమతి సరుకు, రేటు చూస్తే గుండె ఆగుతుంది. మధ్యేమార్గం, గట్టిగా ఉన్న ఎర్ర ఆపిల్స్ 700 గ్రాములు తీసుకుని పెద్ద చెంచా నిమ్మరసం పిండి, పంచదార 80 గ్రాములకి తగ్గించండి. ముక్కలకి పంచదార పట్టించి అరగంట వదిలేస్తే నీళ్ళు ఊరతాయి, ఆ నీళ్ళు వంచి స్టవ్ మీద చిక్కగా మరిగించి మళ్ళీ ముక్కల్లో కలపాలి, చెంచాన్నర కార్న్‌ఫ్లోర్, కొంచెం దాల్చినచెక్క పొడి. అలా చేస్తే అడుగు తడవదు.

మా జిల్లా ట్రిక్ ఒకటి ఉంది. భీమాళి మామిడి తాండ్ర దొరికితే సన్నగా కోసి ఆపిల్ ముక్కల మధ్యలో వెయ్యండి, తాండ్ర కరిగి ఆ పులుపు ఆపిల్‌కి పడుతుంది, డిసెంబర్‌లో మామిడికాయలు ఎక్కడివి అనుకునేవాళ్ళకి ఇదే దారి.

200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, తర్వాత 180 దగ్గర 35. పైన పెట్టిన గాట్లలోంచి రసం చిక్కగా బుడగలు వస్తుంటే అయినట్టు. తీశాక మూడు గంటలు ముట్టుకోకూడదు, ఇదే అసలు కష్టం, మా గుంటలు గంటకే చాకు పట్టుకొచ్చారు, రసమంతా కారిపోయి ప్లేట్లో ఆపిల్ పులుసు మిగిలింది.

గుమ్మడి పై

అమెరికాలో నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్‌కి ఇది లేకుండా ఉండదు, అక్కడి నుంచి వచ్చిన మేనల్లుళ్ళు అడుగుతారు కాబట్టి నేర్చుకున్నా. వాళ్ళు డబ్బాలో దొరికే గుజ్జు వాడతారు, మనకి సంక్రాంతికి ఇంటింటా గుమ్మడికాయ దొర్లుతూనే ఉంటుంది. తీపి గుమ్మడి అండోయ్, గుమ్మానికి కట్టే బూడిద గుమ్మడి కాదు. మన కాయలో నీళ్ళు ఎక్కువ, ఆవిరి మీద ఉడికించి మెత్తగా చేసి పలచటి గుడ్డలో గంటసేపు వేలాడదీయాలి. 400 గ్రాముల గుజ్జు, ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, రెండు గుడ్లు, దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ చిటికెడు. ముందే కాల్చిన పెంకులో పోసి 200 దగ్గర పావుగంట, 175 దగ్గర 35–40 నిమిషాలు. టిన్ను కదిపితే మధ్యలో తోడుకున్న పెరుగులా ఊగాలి, పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే చల్లారాక పగుళ్ళొస్తాయి.

రుచి? మా మామ్మ ఒక ముక్క తిని "గుమ్మడి హల్వాలో దాల్చినచెక్క ఎందుకేశావు" అంది. పిల్లలు మొత్తం ఖాళీ చేశారు. ఇంట్లో ఎవరు ఎక్కువమంది ఉన్నారో లెక్క చూసుకుని చెయ్యండి.

జీడిపప్పు బెల్లం పై

ఇది నా ఫేవరెట్, ఒప్పేసుకుంటున్నా. అసలుది అమెరికా దక్షిణాదిలో పీకన్ అనే గింజతో చేసేది, ఆ గింజలు ఇక్కడ కొనాలంటే బంగారం కొట్టుకి వెళ్ళినట్టే, మనకి పక్కనే జీడిపప్పుకి పేరున్న పలాస ఉంటే ఆ గొడవ ఎందుకు. గుళ్ళు కొనకండి, బద్దలు తీసుకోండి, రేటు తక్కువ, పైలో తేడా తెలీదు. ప్యాకెట్ మీద 240, 320 అని నంబర్లుంటాయి చూడండి, అది పౌనుకి ఎన్ని గుళ్ళు తూగుతాయో ఆ లెక్క, నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నది, పెద్ద పప్పు పాయసంలో కనబడటానికి వాడుకోండి.

200 గ్రాముల బెల్లాన్ని పావు గ్లాసు నీళ్ళల్లో కరిగించి వడగట్టాలి, అనకాపల్లి బెల్లమైనా సరే వడగట్టాల్సిందే, ఒక్క ఇసుక రేణువు పంటి కింద పడితే పండగ పాడు. 60 గ్రాముల బటర్ వేసి చల్లారనివ్వాలి. పూర్తిగా చల్లారాకే మూడు గుడ్లు గిలకొట్టి కలపాలి. పారేసిన రెండోది ఇదే, తొందరపడి వేడి పాకంలో గుడ్లు పోశాను, తియ్యటి గుడ్డు పొరుటు తయారైంది. కాల్చిన పెంకులో 150 గ్రాముల జీడిపప్పు పరిచి ఇది పోసి 175 దగ్గర 40–45 నిమిషాలు, పప్పు పైకి తేలి తొందరగా మాడుతుంది కాబట్టి చివరి పావుగంట ఫాయిల్ కప్పండి.

బాగా తీపి, సన్నటి ముక్కలే కొయ్యాలి, ఎనిమిది అంగుళాల పై పన్నెండు మందికి వస్తుంది. గుడ్లున్నాయి కాబట్టి రెండు గంటలు దాటితే ఫ్రిజ్‌లోకి. బెల్లం కదా షుగర్ ఉన్నవాళ్ళకి పర్లేదు అని మాత్రం అనుకోకండి, బెల్లమైనా పంచదారైనా రక్తంలో షుగర్ పెరిగేదే.

బనాఫీ పై

ఇంగ్లాండులో 1970ల మొదట్లో ఒక రెస్టారెంట్‌లో పుట్టిందట, బనానా అంటే అరటిపండు, టాఫీ, ఈ రెండూ కలిపి ఆ పేరు. బిస్కెట్ క్రస్ట్, ఓవెన్ అక్కర్లేదు, గంటలో పని అయిపోతుంది. కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాని మూత తియ్యకుండా నీళ్ళల్లో మరిగించమని చెప్తారు, నేను చెప్పను, నీళ్ళు ఇంకిపోతే డబ్బా పేలుతుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో డబ్బా పాలు, 50 గ్రాముల బటర్, 50 గ్రాముల బెల్లం తురుము వేసి సన్న మంట మీద ఎనిమిది పది నిమిషాలు తిప్పుతూనే ఉండండి, కోవా చేసిన చేతులకి ఇదో లెక్క కాదు. కర్పూర చక్రకేళి వేస్తే ఆ కొంచెం పులుపుకి తీపి మొహం మొత్తదు.

క్రీమ్ దగ్గర జాగ్రత్త. చిన్న డబ్బాల్లో వచ్చే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత గిలకొట్టినా నురగ నిలబడదు, విప్పింగ్ క్రీమ్ అని అడిగి తెచ్చుకోండి, దొరక్కపోతే గుడ్డలో కట్టిన పెరుగులో పంచదార పొడి కలిపి పరవండి. ముందురోజు చేసి పెట్టకండి, అరటిపండు నల్లబడిపోతుంది.

కొబ్బరి పాల పై

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటిలో మా పెద్దమ్మ పెరట్లో కొబ్బరికాయలు మాకు గోనెసంచుల్లో వచ్చేవి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానంలో చెట్లు పడగొట్టేశాక ఆ సంచులు ఆగిపోయాయి, కొబ్బరి మొక్క నాటితే కాపుకి ఆరేడేళ్ళు పడుతుంది కదా, ఇప్పుడిప్పుడే మళ్ళీ నాలుగు కాయలు పంపిస్తోంది. వచ్చిన మొదటి కాయలతో ఇదే చేశాను.

మొదటిసారి తీసిన చిక్కటి కొబ్బరి పాలు 400 మి.లీ., మామూలు పాలు 200 మి.లీ., పంచదార 100 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 45 గ్రాములు. చల్లగా ఉన్నప్పుడే కార్న్‌ఫ్లోర్ ఉండల్లేకుండా కలిపి, తర్వాత స్టవ్ మీద పెట్టి తిప్పుతూ, బుడగలు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉడకనివ్వాలి, బుడగలు రాగానే ఆపేస్తే ఫ్రిజ్‌లోంచి తీసేసరికి నీళ్ళు కారుతుంది. బిస్కెట్ క్రస్ట్‌లో పోసి ఐదు గంటలు ఫ్రిజ్‌లో. పైన దోరగా వేయించిన కొబ్బరి కోరు. తేలిక, గుడ్డు లేదు, కానీ ఫ్రిజ్‌లో చోటు కావాలి.

లౌజు చేతి పైలు, అనగా అమ్మ చెప్పిన కజ్జికాయ

మైదా బటర్ పిండినే పూరీల్లా వత్తి, చల్లారిన కొబ్బరి లౌజు ఒక చెంచా పెట్టి, మడిచి, అంచులు ఫోర్కుతో నొక్కండి, కజ్జికాయల చెక్క ఉంటే అందులోనే నొక్కేయండి. పైన చిన్న గాటు, కొంచెం పాలు రాసి 190 దగ్గర పాతిక నిమిషాలు. లౌజు తడి లేకుండా, ఉండ కట్టేంత గట్టిగా ఉడికించాలి, అప్పుడే రెండు రోజులు నిలవుంటాయి.

పోయిన సంక్రాంతికి పలాస వెళ్ళేటప్పుడు స్టీలు డబ్బాలో సర్దుకుని రైలెక్కాను, రెండున్నర గంటలు ఒడిలో పెట్టుకున్నా ఒక్కటీ విరగలేదు. అంతకుముందు ఏడాది ఆపిల్ పై పట్టుకెళ్తే శ్రీకాకుళం రోడ్డు దాటేసరికి టిన్ను ఒక పక్కకి వాలి మూత కూలిపోయింది. ప్రయాణం ఉంటే ఇంక వేరే ఆలోచనే వద్దు.

మరి మీరు ఏది చెయ్యాలి

ఓవెన్ లేదు, ఇవాళే చుట్టాలొస్తున్నారు అంటే బనాఫీ. ఓవెన్ లేదు, గుడ్డు వద్దు, ముందురోజే చేసేసుకోవాలి అంటే కొబ్బరి పాలది. క్రిస్మస్‌కి పక్కింటి వాళ్ళకి ఇవ్వాలంటే చేతి పైలు, లేదా చెయ్యి తిరిగాక ఆపిల్. ఇరవై మంది ఉన్న ఇంట్లో పెద్ద పై ఒకటి కోసి పంచాలని చూడకండి, గొడవలైపోతాయి, తలా ఒక చేతి పై ఇచ్చేయండి. గుడ్డు తినే నలుగురు స్నేహితులు, రాత్రి భోజనం, కాఫీ అంటే జీడిపప్పు బెల్లంది, దానికి సాటి లేదు. గుమ్మడిది ఫారిన్ పిల్లలకి.

అత్తగారింట్లో మొదటి పండగ, అందరూ చూస్తుంటారు అంటే దయచేసి మైదా క్రస్ట్ మొదటిసారి అక్కడ ట్రై చెయ్యకండి, మీ ఇంట్లో ఒక ఆదివారం చేసి చూసుకుని వెళ్ళండి.

టైమ్ కుదరనివాళ్ళు పిండి ముద్ద రెండు రోజుల ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, డీప్ ఫ్రీజర్‌లో అయితే నెల ఉంటుంది, వాడే ముందు రాత్రి కిందకి దింపితే చాలు.

ఇంకొక్కటి. క్రస్ట్ కాల్చడానికి వాడిన ఆ శనగలు మళ్ళీ మళ్ళీ అదే పనికి వాడుకోవచ్చు, కానీ ఉడికించుకోవడానికి పనికిరావు. సీసాలో వేసి పైన చీటీ అంటించండి. మా ఇంట్లో అంటించలేదు, కనుమ రోజు మా అత్త వాటిని నానబెట్టి కుక్కర్లో వేసి, ఎనిమిది విజిల్స్ తర్వాత "ఈ శనగలు ఏ కొట్లో కొన్నావే" అని అడిగింది.